నెబ్రాస్కా (ఆల్బమ్)

నెబ్రాస్కా అమెరికా గాయకుడు, గీత రచయిత బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ రూపొందించిన ఆరవ స్టూడియో ఆల్బమ్. దీనిని కొలంబియా రికార్డ్స్ సంస్థ 1982 సెప్టెంబరు 30న విడుదల చేసింది. ఇందులో 10 పాటలు ఉన్నాయి. మొత్తం నిడివి సుమారు 41 నిమిషాలు. "స్టూడియో ఆల్బమ్" అని వ్యవహరించటం ఆనవాయితీయే గానీ, నిజానికి ఇందులోని పాటలేవీ స్టూడియోలో రికార్డు చేసినవి కావు. గాయకుడు తన అద్దె ఇంటి పడకగదిలో, మామూలు క్యాసెట్టు మీద నమూనాగా పాడుకొన్న పాటలనే యథాతథంగా ప్రజలకు అందించటం ఈ ఆల్బమ్ ప్రత్యేకత. రాక్ సంగీతంలో అప్పటికే అగ్రశ్రేణికి చేరుకొన్న ఒక కళాకారుడు ఇటువంటి సాహసం చేయటం ఆ రోజులలో చాలామందికి అంతుపట్టలేదు. రాక్ విభాగంలో చేర్చబడినప్పటికీ దీనిలోని పాటలు అధిక భాగం అమెరికా జానపద, కంట్రీ బాణీలకు దగ్గరగా ఉంటాయి.

నేపథ్యం

బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1949 సెప్టెంబరు 23న న్యూజెర్సీ రాష్ట్రంలోని లాంగ్ బ్రాంచ్‌లో జన్మించాడు. ఫ్రీహోల్డ్ అనే చిన్న పట్టణంలో పెరిగాడు. తండ్రి డగ్లస్ ఒక ఉద్యోగంలో నిలకడగా ఉండక కర్మాగారాలలోను, ఇతరత్రాను పనిచేసేవాడు. ఆయనను మానసిక రుగ్మత చాలాకాలం బాధించింది. తల్లి అడెల్ సంపాదన మీదనే కుటుంబం ప్రధానంగా ఆధారపడింది. ఈ బాల్యపు ఛాయలు నెబ్రాస్కాలోని కొన్ని పాటలలో స్పష్టంగా కనబడతాయి.

1975లో వచ్చిన "బోర్న్ టు రన్" ఆల్బమ్ స్ప్రింగ్‌స్టీన్‌కు దేశవ్యాప్త కీర్తిని తెచ్చిపెట్టింది. 1980లో విడుదలైన "ద రివర్" అమెరికా ఆల్బముల పట్టికలో మొదటి స్థానం పొందిన అతని తొలి ఆల్బమ్. ఆ ఆల్బమ్ ప్రచారంలో భాగంగా ఈ-స్ట్రీట్ బ్యాండ్ అనే తన వాద్యబృందంతో కలిసి చేసిన కచేరీ యాత్ర 1981 సెప్టెంబరులో ముగిసింది. అనంతరం అతడు న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్ అనే గ్రామీణ ప్రాంతంలో ఒక ఇల్లు అద్దెకు తీసుకొని ఒంటరిగా నివసించసాగాడు. సంస్థ, అభిమానులు ఎదురుచూస్తున్నది మరొక భారీ విజయం కోసం. అతడు వ్రాస్తున్నవి మాత్రం హంతకులు, నిరుద్యోగులు, అప్పులపాలైనవారు మొదలైనవారి కథలు.

ఆ కాలంలో అతనిని ప్రభావితం చేసిన వాటిలో సాహిత్యం, సినిమా రెండూ ఉన్నాయి. ఫ్లానరీ ఓకానర్ కథలను అతడు శ్రద్ధగా చదివాడు. టెరెన్స్ మాలిక్ దర్శకత్వంలో 1973లో వచ్చిన "బ్యాడ్‌లాండ్స్" చలనచిత్రాన్ని టెలివిజన్‌లో చూశాడు. ఆ చిత్రానికి ఆధారమైన నిజజీవిత హంతకుడు చార్లెస్ స్టార్క్‌వెదర్ గురించిన పుస్తకాన్ని సంపాదించి చదవటమే కాక, ఆ పుస్తక రచయితలలో ఒకరైన నెబ్రాస్కా పాత్రికేయురాలికి ఫోను చేసి వివరాలు అడిగి తెలుసుకొన్నాడు. సంగీతం విషయంలో ఉడీ గత్రీ, హ్యాంక్ విలియమ్స్ వంటి పాత తరం వారితోపాటు, న్యూయార్కుకు చెందిన "సూయిసైడ్" అనే ఇద్దరు సభ్యుల ఎలక్ట్రానిక్ బృందం ప్రభావం కూడా ఉంది. ఈ రెండు ధోరణులకూ పైకి ఏ పోలికా కనబడదు, కానీ "స్టేట్ ట్రూపర్" పాట విన్నవారికి సంబంధం సులువుగానే తెలుస్తుంది.

దేశ ఆర్థిక పరిస్థితిని కూడా గుర్తుంచుకోవాలి. 1981లో మొదలైన ఆర్థిక మాంద్యం ఈ పాటలు వ్రాస్తున్న కాలంలో తీవ్రంగా ఉంది. 1982 చివరికి అమెరికాలో నిరుద్యోగం 10.8 శాతానికి చేరుకొంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అప్పటివరకు అంత ఎక్కువ ఎన్నడూ నమోదు కాలేదు.

రికార్డింగు

స్టూడియోలో బ్యాండుతో కూర్చొని పాటలు తయారుచేసుకోవటం వలన సమయం, ధనం వృథా అవుతున్నాయని స్ప్రింగ్‌స్టీన్ భావించాడు. పాటలు బాగున్నవో లేవో ముందు ఇంట్లోనే తేల్చుకోవాలనే ఉద్దేశంతో ఒక చిన్న రికార్డింగు యంత్రాన్ని కొనిపించాడు. అతని గిటార్లను చూసుకొనే సాంకేతిక సహాయకుడు మైక్ బాట్లన్ తెచ్చిన ఆ యంత్రం టియాక్ కంపెనీవారి "పోర్టాస్టూడియో 144".

1979లో మార్కెట్లోకి వచ్చిన ఈ యంత్రం ఇళ్ళలో రికార్డింగు చేసుకొనే విధానాన్నే మార్చివేసింది. మామూలు క్యాసెట్టులో ఒక్కొక్క వైపు రెండేసి చొప్పున నాలుగు ట్రాకులు ఉంటాయి. క్యాసెట్టును తిప్పి పెట్టినప్పుడు రెండవ వైపు ట్రాకులు మ్రోగుతాయి. పోర్టాస్టూడియో ఈ నాలుగింటినీ ఒకే దిశలో వాడుకొంటుంది. టేపును రెండింతల వేగంతో నడుపుతుంది. అందువలన క్యాసెట్టు తొందరగా అయిపోయినా ధ్వని నాణ్యత మెరుగుపడుతుంది. ఒక ట్రాకు మీద రికార్డు చేసిన దానిని వింటూ మరొక ట్రాకు మీద ఇంకొక వాద్యం చేర్చవచ్చు. అంటే ఒక్క మనిషే గాయకుడు, వాద్యబృందం కూడా కాగలడు.

కోల్ట్స్ నెక్ ఇంటి పడకగదిలో, రెండు మామూలు మైకులతో (ష్యూర్ ఎస్.ఎం.57 రకం) ఈ పని జరిగింది. గాత్రం, గిటారు రెంటినీ ఒకేసారి రెండు ట్రాకుల మీద రికార్డు చేసి, మిగిలిన రెండు ట్రాకులను రెండవ గొంతు, హార్మోనికా (మౌత్ ఆర్గాన్), మాండొలిన్, టాంబొరిన్ వంటి వాటికి వినియోగించారు. చాలా పాటలు 1982 జనవరి 3న ఒక్కరోజులోనే పూర్తయ్యాయని ఎంతోకాలంగా చెప్పుకొంటారు. అయితే 1981 డిసెంబరు మధ్య నుండే పని సాగినట్లు తరువాతి వివరాల వలన తెలుస్తున్నది. "మై ఫాదర్స్ హౌస్" ఒక్కటి మాత్రం ఆ తరువాత కొన్ని నెలలకు చేర్చబడింది.

నాలుగు ట్రాకులను కలిపి తుది రూపం ఇవ్వటానికి వాడిన పరికరం మరీ విచిత్రమైనది. అది ఇంట్లో ఉన్న పాత పానాసోనిక్ టేప్ రికార్డరు. అంతకుముందు ఒకసారి నీళ్ళలో పడి మూగబోయి, కొంతకాలానికి తనంతట తానే మళ్ళీ పనిచేయటం మొదలుపెట్టినదట. ధ్వనికి గుహలో ప్రతిధ్వనించినట్లుండే గుణం "ఎకోప్లెక్స్" అనే పరికరం వలన వచ్చింది. ఈ ప్రతిధ్వనే ఆల్బమ్‌కు ఒక విధమైన పాతకాలపు రేడియో స్వరాన్ని ఇచ్చింది.

ఈ క్యాసెట్టును స్ప్రింగ్‌స్టీన్ తన మేనేజరు, నిర్మాత జాన్ లాండౌకు ఒక్కొక్క పాట గురించి స్వయంగా వ్రాసిన వివరణలతో పంపించాడు. పాటలు విన్న లాండౌ వాటి నాణ్యతను గుర్తించినప్పటికీ, అవి వ్రాసిన మనిషి మానసిక స్థితి గురించి ఆందోళన చెందాడు. ఆ భయం అకారణమైనది కాదని తరువాత తేలింది.

బ్యాండుతో ప్రయత్నం

1982 ఏప్రిల్, మే నెలలలో న్యూయార్కులోని పవర్ స్టేషన్ స్టూడియోలో ఈ-స్ట్రీట్ బ్యాండుతో ఈ పాటలను మళ్ళీ రికార్డు చేయటానికి ప్రయత్నించారు. క్యాసెట్టులోని ఇతర పాటలు కొన్ని బ్యాండుతో అద్భుతంగా కుదిరాయి. వాటిలో "బోర్న్ ఇన్ ద యు.ఎస్.ఎ." ఒకటి. వియత్నాం యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికుని గురించిన ఆ పాట మొదట ఈ క్యాసెట్టులోనే, కేవలం గిటారుతో పాడిన విషాదగీతంగా ఉండేది. 1984లో అదే పేరుతో వచ్చిన ఆల్బమ్‌కు అది శీర్షికాగీతం అయింది. "డౌన్‌బౌండ్ ట్రెయిన్" కూడా ఈ క్యాసెట్టు నుండి వచ్చినదే.

మిగిలిన పాటలు మాత్రం లొంగలేదు. వాద్యాలు ఎంత బాగా మ్రోగితే పాటలోని మనిషి అంత దూరమైపోతున్నట్లు స్ప్రింగ్‌స్టీన్‌కు అనిపించింది. స్టూడియోలో తానొక్కడే గిటారుతో పాడి చూసినా క్యాసెట్టులో ఉన్న గుణం రాలేదు. చివరకు, అన్ని నెలలుగా డబ్బా కూడా లేకుండా జేబులో వేసుకు తిరుగుతున్న ఆ క్యాసెట్టునే విడుదల చేయాలని నిశ్చయించారు.

నిశ్చయించటం ఒక ఎత్తు, దానిని ఎల్.పి. రికార్డుగా మార్చటం మరొక ఎత్తు. క్యాసెట్టులో ధ్వని స్థాయి తక్కువగా, రొద ఎక్కువగా ఉండటంతో రికార్డు గాడులను చెక్కే సూది సరిగా నిలిచేది కాదు. చక్ ప్లాట్‌కిన్, ఇంజనీరు టోబీ స్కాట్ అనేక చోట్ల ప్రయత్నించి విఫలమయ్యారు. ఎల్.పి. ఆలోచన మానుకొని క్యాసెట్టుగా మాత్రమే విడుదల చేయాలన్న ఆలోచన కూడా వచ్చింది. చివరకు అట్లాంటిక్ సంస్థ స్టూడియోలో డెన్నిస్ కింగ్ అనే ఇంజనీరు దీనిని సాధించాడు. పడకగదిలో ఏమీ ఆలోచించకుండా కొద్దిరోజులలో ముగించిన పనిని ప్లాస్టిక్ పళ్ళెం మీదకు ఎక్కించటానికి నిపుణులకు వారాల తరబడి శ్రమ పట్టింది.

పాటలు

మొదటి పాట "నెబ్రాస్కా" చార్లెస్ స్టార్క్‌వెదర్ గొంతుతో సాగుతుంది. 19 ఏళ్ళ స్టార్క్‌వెదర్ 1957 డిసెంబరు, 1958 జనవరి నెలలలో నెబ్రాస్కా, వయోమింగ్ రాష్ట్రాలలో 11 మందిని హత్య చేశాడు. 1958 నాటి ప్రయాణంలో 14 ఏళ్ళ కారిల్ ఆన్ ఫ్యుగేట్ అతనితో ఉంది. 1959 జూన్ 25న అతనికి విద్యుత్ కుర్చీలో మరణశిక్ష అమలు చేయబడింది. యావజ్జీవ శిక్ష పడిన ఫ్యుగేట్ 1976లో పెరోల్ మీద విడుదలైంది. పాటలో హంతకుడు తన నేరాలను ఏ ఉద్రేకమూ లేకుండా, వాతావరణం గురించి చెప్పినట్లు చెప్పుకొనిపోతాడు. పశ్చాత్తాపం ఉండదు. సమర్థన కూడా ఉండదు. ఎందుకు చేశావని అడిగితే లోకంలోని క్రూరత్వం వైపు వేలు చూపి ఊరుకొంటాడు. శ్రోతకు కలవరం కలిగించేది హత్యల సంఖ్య కంటే ఈ ప్రశాంతతే.

"అట్లాంటిక్ సిటీ" అప్పులు తీర్చలేక నేరస్థుల ముఠాతో చేయి కలపబోతున్న ఒక యువకుని కథ. న్యూజెర్సీ ఓటర్లు 1976లో ఆ నగరంలో జూదగృహాలకు అనుమతి ఇచ్చారు. మొదటి క్యాసినో 1978లో తెరుచుకొంది. దానితోపాటే ముఠా తగాదాలూ వచ్చాయి. పాట మొదట్లో ప్రస్తావించబడిన బాంబు పేలుడు నిజంగా జరిగినదే. ఫిలడెల్ఫియా ముఠా నాయకుడు ఫిలిప్ టెస్టా 1981 మార్చిలో తన ఇంటి వద్ద ఆ విధంగానే మరణించాడు. పాటలోని యువకుడు ప్రియురాలిని చక్కగా ముస్తాబై రమ్మంటాడు. అతడు ఒప్పుకొన్న పని ఏమిటో ఆమెకు చెప్పడు. శ్రోత మాత్రం ఊహించగలడు.

"జానీ 99" పాటకు ఆధారం 1980లో న్యూజెర్సీలోని మావా పట్టణంలో ఫోర్డ్ కార్ల కర్మాగారం మూతపడటం. ఉద్యోగం పోయిన రాల్ఫ్ అనే కార్మికుడు మద్యం మత్తులో ఒక రాత్రి గుమాస్తాను కాల్చి చంపుతాడు. న్యాయమూర్తి 99 సంవత్సరాల జైలుశిక్ష విధిస్తే, అంతకంటే ఉరే నయమని నిందితుడే వేడుకొంటాడు. విషయం ఇంత భారమైనది కాగా బాణీ మాత్రం హుషారైన రాకబిల్లీ. అందుచేతనే కచేరీలలో జనం చప్పట్లు కొడుతూ పాడే పాటగా మారింది. పాటలోని సంగతి తెలిసినవారికి ఆ చప్పట్లు కొంత ఇబ్బందిగానే తోస్తాయి.

ఆల్బమ్‌లో అత్యుత్తమమైనదిగా చాలామంది విమర్శకులు "హైవే పెట్రోల్‌మాన్"ను పేర్కొంటారు. దీని నిడివి 5 నిమిషాల 40 సెకండ్లు. అన్నిటికంటే పెద్ద పాట ఇదే. జో రాబర్ట్స్ నిజాయితీపరుడైన పోలీసు సార్జెంటు. అతని తమ్ముడు ఫ్రాంకీ చిన్ననాటి నుండి దారి తప్పినవాడు. 1965లో ఫ్రాంకీ సైన్యంలో చేరతాడు. వ్యవసాయదారునిగా మినహాయింపు పొందిన జో ఇంటివద్దనే ఉండి మరియాను పెళ్ళి చేసుకొంటాడు. గోధుమ ధరలు పడిపోయి సేద్యం నష్టాల పాలు కావటంతో పోలీసు ఉద్యోగంలో చేరతాడు. ఒక రాత్రి ఫ్రాంకీ ఒక మనిషిని తీవ్రంగా గాయపరచి కారులో పారిపోతాడు. జో వెంబడిస్తాడు. కెనడా సరిహద్దు కొద్ది మైళ్ళ దూరంలో ఉందనగా తన కారును రోడ్డు ప్రక్కన ఆపుకొని, తమ్ముని కారు వెనుక దీపాలు కనుమరుగయ్యే వరకు చూస్తూ ఉండిపోతాడు. ధర్మానికీ, రక్తసంబంధానికీ మధ్య నలిగిన మనిషి కథ మన సాహిత్యంలోనూ కొత్తది కాదు. స్ప్రింగ్‌స్టీన్ ఇక్కడ తీర్పు చెప్పకుండా పాటను ముగించాడు. జో చేసినది తప్పా ఒప్పా అన్నది శ్రోతకే వదలివేశాడు.

"స్టేట్ ట్రూపర్" న్యూజెర్సీ టర్న్‌పైక్ రహదారి మీద అర్ధరాత్రి వర్షంలో పోతున్న ఒక డ్రైవరు స్వగతం. లైసెన్సు లేదు, కారు కాగితాలు లేవు. ఏదో చేసి వస్తున్నాడు, ఏమిటో చెప్పడు. పోలీసు తనను ఆపకూడదని ప్రార్థిస్తుంటాడు. అది తన కోసమో, ఆ పోలీసు క్షేమం కోసమో తేల్చుకోవటం కష్టం. ఒకే స్వరాన్ని పట్టుకొని గిటారు మోగుతుండగా చివరలో గాయకుడు హఠాత్తుగా కేక వేస్తాడు. సూయిసైడ్ బృందపు "ఫ్రాంకీ టియర్‌డ్రాప్" ప్రభావం ఇక్కడ కనబడుతుంది. "ఓపెన్ ఆల్ నైట్" కూడా రాత్రి కారు ప్రయాణమే గానీ కొంత తేలికగా, చక్ బెర్రీ ఫక్కీలో, ఎలక్ట్రిక్ గిటారుతో సాగుతుంది.

మూడు పాటలు బాల్యానికి సంబంధించినవి. "మాన్షన్ ఆన్ ద హిల్"లో తండ్రి కొడుకును కారులో తీసుకువెళ్ళి ఊరి పైన ఉన్న ధనికుల భవనాన్ని చూపిస్తాడు. "యూజ్డ్ కార్స్"లో ఒక కుటుంబం పాత కారు కొనటానికి వెళుతుంది. అమ్మకందారు తండ్రి చేతులను చూడటం, ఇరుగుపొరుగు వారు ఆ "కొత్త" కారును చూడటానికి రావటం పిల్లవాడు గమనిస్తుంటాడు. లాటరీ తగిలిననాడు పాత కారు ఎక్కనే ఎక్కనని అనుకొంటాడు. పేదరికం కంటే దాని వలన కలిగే చిన్నతనాన్ని ఇంత తక్కువ మాటలలో చెప్పిన పాటలు అరుదు.

"మై ఫాదర్స్ హౌస్"లో కథకుడు ముళ్ళకంపల అడవి గుండా తండ్రి ఇంటికి పరుగెత్తుకు వెళ్ళినట్లు కలగంటాడు. మెలకువ వచ్చాక నిజంగానే ఆ ఇంటికి వెళితే తలుపు దగ్గరకు వచ్చిన అపరిచిత స్త్రీ ఆ పేరుగలవారు ఇక్కడ లేరని చెబుతుంది. 1990 నవంబరులో లాస్ ఏంజిలస్‌లో జరిగిన ఒక కచేరీలో స్ప్రింగ్‌స్టీన్ ఈ పాటకు ముందు ఒక సంగతి చెప్పాడు. తాను రాత్రిళ్ళు చిన్నప్పటి ఇళ్ళ ముందుగా కారు నడుపుకొంటూ పోయేవాడినని, దీనికి కారణమేమిటని ఒక మానసిక వైద్యుని అడిగానని వివరించాడు. అక్కడ ఏదో తప్పు జరిగిందని, దానిని సరిదిద్దటానికి మళ్ళీ మళ్ళీ వెళుతున్నావని, అది నీ వల్ల కాదని వైద్యుడు జవాబిచ్చాడట.

చివరి పాట "రీజన్ టు బిలీవ్"లో కొన్ని చిన్న దృశ్యాలు ఉన్నాయి. రోడ్డు మీద చనిపోయిన కుక్కను పుల్లతో కదిపి చూస్తున్న మనిషి, వదిలిపోయిన ప్రియుని కోసం రోజూ మట్టిరోడ్డు చివర ఎదురుచూసే స్త్రీ, నదిలో ఒక శిశువు జ్ఞానస్నానం, ఒక వృద్ధుని మరణం, వధువు రాని పెళ్ళిలో నది ఒడ్డున నిలబడిపోయిన వరుడు. శీర్షిక చూసి దీనిని ఆశావహ గీతంగా చాలామంది భావించారు. కాని గాయకుని దృష్టి నమ్మకం గొప్పతనం మీద కాక, నమ్మటానికి ఏమీ లేనప్పుడు కూడా మనుషులు నమ్ముతూ ఉండటంలోని వింత మీద ఉంది.

ముఖచిత్రం

అట్ట మీది నలుపు-తెలుపు ఛాయాచిత్రాన్ని డేవిడ్ మైఖేల్ కెన్నెడీ 1975 శీతాకాలంలో ఒక పాత పికప్ ట్రక్కులో నుండి తీశాడు. అద్దం మీద పేరుకొన్న మంచు, ముందు తిన్నగా సాగిపోయే నిర్జనమైన రోడ్డు, పైన మబ్బుపట్టిన ఆకాశం. నల్లని నేపథ్యంపై ఎర్రని అక్షరాలతో కళాకారుని పేరు, ఆల్బమ్ పేరు ఉంటాయి.

విడుదల, ఆదరణ

కొలంబియా సంస్థ దీనిని పెద్దగా ప్రచారం చేయలేదు. స్ప్రింగ్‌స్టీన్ కచేరీ యాత్ర కూడా చేయలేదు. అమెరికాలో సింగిల్ ఏదీ విడుదల కాలేదు. ఐరోపాలో మాత్రం "అట్లాంటిక్ సిటీ", "ఓపెన్ ఆల్ నైట్" సింగిల్స్‌గా వచ్చాయి. "అట్లాంటిక్ సిటీ"కి నలుపు-తెలుపులో ఒక వీడియో తీశారు. ఎం.టి.వి.లో ప్రసారమైన ఆ వీడియోలో గాయకుడు ఎక్కడా కనిపించడు. నగర దృశ్యాలే ఉంటాయి. ఇంత నిరాడంబరంగా వచ్చినా ఆల్బమ్ అమెరికాలోను, బ్రిటన్‌లోను 3వ స్థానానికి చేరుకొంది. 1989లో రోలింగ్ స్టోన్ పత్రిక ఆ దశాబ్దపు 100 ఉత్తమ ఆల్బముల జాబితాలో దీనికి 43వ స్థానం ఇచ్చింది. అదే పత్రిక 2020 నాటి 500 ఆల్బముల జాబితాలో ఇది 150వది.

1984 సెప్టెంబరులో ఎన్నికల ప్రచారంలో ఉన్న అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ న్యూజెర్సీలోని హామంటన్‌లో మాట్లాడుతూ స్ప్రింగ్‌స్టీన్ పాటలలోని ఆశాభావాన్ని పొగిడాడు. రెండు రోజుల తరువాత పిట్స్‌బర్గ్ కచేరీలో స్ప్రింగ్‌స్టీన్ దీనిని ప్రస్తావించి, అధ్యక్షునికి తన ఆల్బములలో ఏది ఇష్టమో గానీ నెబ్రాస్కా మాత్రం అయివుండదని అంటూ "జానీ 99" పాడాడు.

ఆల్బమ్ విడుదలకు కొద్దిగా ముందు, మిత్రునితో కారులో దేశానికి అడ్డంగా పశ్చిమ తీరానికి ప్రయాణిస్తూ, టెక్సాస్‌లోని ఒక చిన్న ఊరి తిరునాళ్ళలో స్ప్రింగ్‌స్టీన్ తీవ్రమైన మానసిక కుంగుబాటుకు లోనయ్యాడు. లాస్ ఏంజిలస్ చేరాక, లాండౌ సహాయంతో మొదటిసారి వైద్యుని వద్దకు వెళ్ళాడు. ఈ విషయాలను 2016లో ప్రచురించిన ఆత్మకథలో దాపరికం లేకుండా వ్రాశాడు. అందువలన ఈ ఆల్బమ్‌ను దేశపు మాంద్యం గురించిన రచనగా మాత్రమే చూసిన తొలినాటి వ్యాఖ్యానాలు కొంత మారవలసి వచ్చింది.

ప్రభావం

ప్రసిద్ధ గాయకుడు జానీ క్యాష్ 1983లో "జానీ 99", "హైవే పెట్రోల్‌మాన్" పాటలను పాడి, మొదటిదాని పేరునే తన ఆల్బమ్‌కు పెట్టుకొన్నాడు. "హైవే పెట్రోల్‌మాన్" కథను తీసుకొని నటుడు షాన్ పెన్ 1991లో "ది ఇండియన్ రన్నర్" అనే చలనచిత్రానికి దర్శకత్వం వహించాడు. దర్శకునిగా అది అతని మొదటి చిత్రం. "అట్లాంటిక్ సిటీ"ని ద బ్యాండ్ బృందం 1993లో "జెరికో" ఆల్బమ్‌లో పాడింది. 2000లో సబ్ పాప్ సంస్థ పలువురు కళాకారులతో నెబ్రాస్కా పాటలన్నిటినీ పాడించి ఒక నివాళి సంకలనం వెలువరించింది. స్ప్రింగ్‌స్టీన్ తరువాతి ఆల్బములలో "ద ఘోస్ట్ ఆఫ్ టామ్ జోడ్" (1995), "డెవిల్స్ అండ్ డస్ట్" (2005) ఈ మార్గంలోనివే. వీటన్నిటికంటే విస్తృతమైన ప్రభావం మరొకటి ఉంది. ఖరీదైన స్టూడియో లేకపోయినా గదిలో కూర్చొని చేసిన రికార్డింగు ఆల్బమ్ కాగలదన్న ధైర్యాన్ని తరువాతి తరం స్వతంత్ర కళాకారులకు ఇది కలిగించింది.

ఈ ఆల్బమ్ రూపొందిన తీరుపై వారెన్ జేన్స్ వ్రాసిన "డెలివర్ మీ ఫ్రమ్ నోవేర్" అనే పుస్తకం 2023లో వెలువడింది. దీని ఆధారంగా స్కాట్ కూపర్ దర్శకత్వంలో తీసిన చలనచిత్రం 2025 అక్టోబరులో విడుదలైంది. స్ప్రింగ్‌స్టీన్ పాత్రను జెరెమీ అలెన్ వైట్ పోషించాడు. అదే నెలలో "నెబ్రాస్కా '82" పేరుతో వచ్చిన విస్తరించిన సంచికలో, 1982లో ప్రక్కన పెట్టిన బ్యాండు రికార్డింగులను మొదటిసారి అధికారికంగా విడుదల చేశారు. అభిమానులు "ఎలక్ట్రిక్ నెబ్రాస్కా" అని పిలుచుకొంటూ, ఉన్నాయా లేవా అని దశాబ్దాలపాటు వాదించుకొన్నవి ఇవే.